కోళ్ళగూటికి తలుపైన మలుపు బోర్డు

ప్రశ్న: అయ్యా, మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడికి దగ్గరగా, ఆంధ్రా సరిహద్దును ఆనుకొని ఉన్న పల్లె. ఆరు రోజుల కిందట గడ్డి లోడుతో ట్రాక్టరును వెనక్కి తీస్తుండగా ట్రాలీ తగిలి, ఊరి మొదట్లో ఉన్న మలుపు బోర్డు స్తంభం వంగి, బోర్డు పొలం వైపు తిరిగిపోయింది. ఎవరైనా పాత ఇనుము కొట్టులో అమ్ముకుంటారేమోనని, పాతపట్నం నుంచి వచ్చిన మా మేనల్లుడు ఆ రేకును ఊడదీసి ఇంటికి తెచ్చాడు. ఇప్పుడది మా కోళ్ళగూటికి తలుపుగా ఉంది. వాడికి 19 ఏళ్ళు, ఆర్మీ సెలక్షన్లకు తయారవుతున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా, ఆంధ్రా లారీల వాళ్ళకు అర్థం కావడం లేదని, స్నేహితులతో కలిసి దారి చూపే బోర్డు మీద ఒడియా అక్షరాలకు నల్లరంగు పూసి తెలుగులో ఊళ్ళ పేర్లు రాశాడు. రేకుముక్కకు కేసేమిటని మా ఊరి పెద్దలు నవ్వుతున్నారు. బోర్డు లేకపోతే పోయింది, మనమే రాళ్ళూ మట్టీ వేసి స్పీడు బ్రేకరు కట్టేద్దామంటున్నారు. మా బావగారు మాత్రం కొడుకు భవిష్యత్తు ఏమైపోతుందోనని నిద్రపోవడం లేదు. ఇది నిజంగా నేరమా? ఇప్పుడు వెళ్ళి చెప్పుకుంటే చిక్కుల్లో పడతామా? చెప్పాలంటే ఒడిశా ఠాణాలో చెప్పాలా, పాతపట్నం స్టేషన్లో చెప్పాలా?
— ఒక రైతు, గజపతి జిల్లా

సమాధానం: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు పనులున్నాయి. వాటన్నిటినీ ఒకే మూటగా కట్టి చూడబట్టే మీ బావగారికి అంత భయమూ, మీ ఊరి పెద్దలకు అంత ధీమా కలిగాయి. ట్రాలీ తగలడం పొరపాటు, రేకును ఇంటికి తేవడం తొందరపాటు, ఒడియా అక్షరాల మీద రంగు పూయడం మాత్రం కావాలని చేసిన పని. చట్టం ఈ మూడింటినీ మూడు రకాలుగా చూస్తుంది. అయితే వీటన్నిటికంటె మీకు ఎక్కువ ఇబ్బంది తెచ్చిపెట్టగలిగినది మీరు ప్రశ్నగా అడగని నాలుగో సంగతి, అంటే ఆరు రోజులుగా ఎవరికీ చెప్పకుండా ఊరుకోవడం.

ముందుగా అన్నిటికీ మూలమైన నిబంధన చెబుతాను. రోడ్డు మీద సూచికలు ఎవరు నిలపాలి, వాటి జోలికి ఎవరు పోకూడదు అన్న సంగతులు మోటారు వాహనాల చట్టం, 1988లోని 116వ సెక్షనులో ఉన్నాయి. వాటిని నిలిపే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన సంస్థలకూ, జాతీయ రహదారుల మీదనైతే జాతీయ రహదారుల సంస్థకో, అలా అధికారం పొందిన మరో ఏజెన్సీకో మాత్రమే ఉంటుంది. అలా నిలిపిన సూచికను ఎవరూ బుద్ధిపూర్వకంగా తొలగించకూడదనీ, మార్చకూడదనీ, రూపు చెడగొట్టకూడదనీ, మరే విధంగానూ దానితో చెలగాటమాడకూడదనీ ఆ సెక్షనులోని 6వ ఉపసెక్షను చెబుతుంది. సూచిక అంటే రేకు బోర్డు ఒక్కటే కాదు. అదే చట్టం 2వ సెక్షనులోని 46వ క్లాజు ప్రకారం సిగ్నళ్ళు, హెచ్చరిక స్తంభాలు, దారి చూపే స్తంభాలు, రోడ్డు మీద వేసిన గీతలు, డ్రైవరుకు సమాచారమో ఆదేశమో ఇచ్చే ఇతర సాధనాలు అన్నీ ఆ మాటలోకే వస్తాయి. కాబట్టి పట్నం కూడలిలోని ఎర్రదీపమూ, మీ ఊరి మలుపు బోర్డూ, నడిరోడ్డు మీది తెల్లగీతా, రాత్రిపూట పిల్లికళ్ళలా మెరిసే చిన్న దిమ్మలూ చట్టం దృష్టిలో ఒకే కుటుంబం. ఆ దిమ్మలను గునపంతో పెకలించి ఆటవస్తువులుగా పట్టుకుపోయే పిల్లలను నేను చూశాను, చూసి కూడా అదేమని అడగని పెద్దలనూ చూశాను.

ఇక మీ ట్రాక్టరు సంగతి. నిషేధించిన ఉపసెక్షనులో 'బుద్ధిపూర్వకంగా' అన్న మాట ఉండటమే మీకు అండ. ట్రాలీ నిండా గడ్డి ఎత్తుగా పేర్చి ఉన్నప్పుడు వెనక ఏముందో డ్రైవరుకు కనబడకపోవడం పల్లెల్లో కొత్త కాదు, దానికి మిమ్మల్ని ఎవరూ నేరస్థుడిగా నిలబెట్టరు. కానీ ఆ వెంటనే ఉన్న 7వ ఉపసెక్షను మీలాంటివారి కోసమే రాసినట్టుగా ఉంటుంది. ప్రమాదవశాత్తు ఒక సూచికను దాని పనికి పనికిరాకుండా చేసినవారు, ఆ సంగతి ఎలా జరిగిందో వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల లోపల, పోలీసు అధికారికి గానీ పోలీసు స్టేషన్లో గానీ తెలియజేయాలని అది విధిస్తుంది. బోర్డు ముక్కలు కానవసరం లేదు, వచ్చే బండికి కనబడకుండా పొలం వైపు తిరిగిపోయినా అది పనికిరానట్టే. ఈ 24 గంటల నియమం తెలిసిన డ్రైవర్లు ఎంతమంది ఉంటారని మీరు అడిగితే, లైసెన్సు పుచ్చుకున్న వందమందిలో ఒకరికైనా తెలుసునని చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే తెలియదన్నది సంజాయిషీగా పనికిరాదు.

ఆ గడువు మీకు ఎప్పుడో దాటిపోయింది. అలాగని ఇప్పుడు చెబితే మునిగిపోతారనుకోవడం సరికాదు. ఈ నియమాన్ని మీరినందుకు ప్రత్యేకమైన శిక్షేదీ ఆ చట్టంలో లేదు కాబట్టి, వేరే శిక్ష చెప్పని తప్పులన్నిటికీ వర్తించే 177వ సెక్షను వర్తిస్తుంది. దాని ప్రకారం మొదటిసారైతే 500 రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 1500 రూపాయల దాకా జరిమానా. 2019లో సవరించకముందు ఇవి 100, 300 రూపాయలుగా ఉండేవి. బోర్డును మళ్ళీ నిలబెట్టే ఖర్చును రోడ్డు శాఖ మీ దగ్గర రాబట్టవచ్చు. మీ ట్రాక్టరుకు బీమా అమల్లో ఉంటే, ఇతరుల ఆస్తికి జరిగిన నష్టాన్ని పాలసీలోని పరిమితికీ షరతులకూ లోబడి కంపెనీ భరించాలి, అందుకోసం వాళ్ళకు కూడా లిఖితపూర్వకంగా తెలియజేయండి.

500 రూపాయలేనా అని మీ పెద్దలు మళ్ళీ నవ్వుతారేమో. నిజానికి ఇది ఆ చట్టంలోని లోపమేనని నా అభిప్రాయం. ఒక ప్రాణం కాపాడే గుర్తును కావాలని చెరిపినవాడికీ, మరేదో చిల్లర నియమాన్ని మీరినవాడికీ ఒకే జరిమానా వేయడం తూకం తప్పిన పని. మీ ప్రాంతానికి తెలిసిన ఉదాహరణే చెప్పాలంటే, నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే రైలు దారిలో మూసి ఉన్న లెవెల్ క్రాసింగు గేటును అధికారం లేనివాడు తెరిస్తే మూడేళ్ళ దాకా, విరగ్గొడితే ఐదేళ్ళ దాకా జైలని రైల్వే చట్టం, 1989లోని 160వ సెక్షను చెబుతుంది. రైలుకూ ఓడకూ విమానానికీ దారి చూపే గుర్తును ధ్వంసం చేస్తే భారతీయ న్యాయ సంహిత ఏడేళ్ళ దాకా శిక్ష విధిస్తుంది. ట్రాక్టరూ ఆటో నడిచే రోడ్డు గుర్తు దగ్గరికి వచ్చేసరికి మోటారు వాహనాల చట్టానికి చేయి తేలికైపోయింది.

అయితే పోలీసుల చేతిలో ఉన్న చట్టం అదొక్కటే కాదు, పెద్దల ధీమా పొరపాటయ్యేది ఇక్కడే. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షను ఆస్తికి చేసే దుశ్చర్య గురించి చెబుతుంది. ప్రజలకో మరొకరికో నష్టం కలిగించాలన్న ఉద్దేశంతో గానీ, కలుగుతుందని తెలిసి గానీ, ఒక వస్తువును ధ్వంసం చేసినా, దాని విలువనో ఉపయోగాన్నో తగ్గించేలా దానిలోనైనా దాని స్థానంలోనైనా మార్పు చేసినా అది దుశ్చర్యే. ప్రభుత్వ ఆస్తికో స్థానిక సంస్థ ఆస్తికో నష్టం కలిగితే ఏడాది దాకా, నష్టం 20,000 రూపాయలకు చేరితే రెండేళ్ళ దాకా, లక్షకు చేరితే ఐదేళ్ళ దాకా జైలు పడవచ్చు. బోర్డును విరగ్గొట్టకుండా బాణం గుర్తు పక్క ఊరి వైపు చూపేలా తిప్పి పెట్టినా సరిపోతుందన్నమాట. దీనికి తోడు 326వ సెక్షను, ప్రజల రోడ్డును ప్రయాణానికి వీలు లేకుండా చేసినా, ఉన్న భద్రతను తగ్గించినా ఐదేళ్ళ దాకా శిక్ష చెబుతుంది. ఇవి చాలవన్నట్టు ప్రజా ఆస్తుల నష్ట నివారణకు 1984లో చేసిన చట్టం 3వ సెక్షను కింద కూడా ఐదేళ్ళ దాకా జైలూ జరిమానా ఉన్నాయి, పైగా ఆ చట్టం కింద అరెస్టయినవారికి ప్రాసిక్యూషన్ తన అభ్యంతరం చెప్పుకొనే అవకాశం ఇవ్వకుండా బెయిలు ఇవ్వకూడదు. రేకుముక్కకు కేసేమిటి అన్నవారికి ఈ పేరా చదివి వినిపించండి.

మీ మేనల్లుడు సంక్రాంతికి చేసిన పని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అతని ఉద్దేశం మంచిదని నేను నమ్ముతున్నాను, ఆ మంచి ఉద్దేశం అతన్ని ఎంతవరకు కాపాడుతుందో చెప్పడం నా బాధ్యత. 324వ సెక్షను కింద నష్టం చేయాలన్న ఉద్దేశమో, నష్టం కలుగుతుందన్న ఎరుకో రుజువు కావాలి. లారీలవాళ్ళకు దారి తెలియాలని రాశాననే అబ్బాయి మాట అక్కడ పనికొస్తుంది. కానీ మోటారు వాహనాల చట్టం 116వ సెక్షను ముందు ఆ మాట నిలవదు. అక్కడ అడిగేది ఎందుకు మార్చావని కాదు, కావాలని మార్చావా లేదా అని మాత్రమే.

పైగా ఆ రంగు చేసిన కీడు పగటిపూట మీకు కనబడదు. బోర్డు మీద ఉండేది మామూలు రంగు కాదు. మనవాళ్ళు రేడియం అని పిలిచే ఆ పొరలో కంటికి ఆనని గాజుపూసలో, పట్టకాల్లాంటి సన్నని నొక్కులో ఉంటాయి. ఎదురుగా వచ్చే బండి దీపం వెలుగు వాటి మీద పడితే అవి దాన్ని చెదరగొట్టకుండా వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి, అందుకే డ్రైవరు కంటికి బోర్డు తానే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. దాని మీద డబ్బా రంగు పూస్తే ఆ పూసలు మూసుకుపోతాయి. కావాలంటే ఈ రాత్రి చీకటి పడ్డాక టార్చిలైటును కంటి పక్కన పెట్టుకొని, ఇరవై ముప్పై అడుగుల దూరం నుంచి ఆ బోర్డు మీద వేసి చూడండి. రంగు తగలని అంచులు భగ్గున వెలుగుతాయి, మీ మేనల్లుడు ఎంతో ఓపికగా రాసిన ఊళ్ళ పేర్లు మాత్రం తారు పూసిన అట్టముక్కలా ఉండిపోతాయి. ఆంధ్రా లారీలు ఎక్కువగా తిరిగేది రాత్రిళ్ళే కదా! ఎవరి కోసం రాశాడో వాళ్ళకే అది కనబడకుండా పోయింది. అదే టార్చి ఇంటికి తెచ్చి కోళ్ళగూటి మీద వేస్తే, ఆ తలుపు ఇప్పటికీ ఎంత బాగా పనిచేస్తోందో కూడా తెలుస్తుంది.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అందరికీ అర్థమయ్యే తెలుగులో రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళకు బోర్డు మీద తెలుగు కూడా ఉండాలని అనిపించడంలో తప్పేమీ లేదు, ఒడియా అక్షరాలు చెరిపి ఆ చోట తెలుగు రాయడమే తప్పు. మీ ఒడియా పొరుగువారు ఆ నల్లరంగును రోడ్డు గుర్తుకు జరిగిన నష్టంగా కాక తమ భాషకు జరిగిన అవమానంగా తీసుకుంటే, అది మీ ఊరికి ఏ సెక్షనుకంటె కూడా పెద్ద తలనొప్పి అవుతుంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ ఫిర్యాదును రాష్ట్రంలోనో దేశంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా సమర్పించుకోవచ్చు. కనుక ఆ బోర్డులో తెలుగు పేర్లు కూడా చేర్చమని కలెక్టరు గారికి మీరు తెలుగులోనే అర్జీ పెట్టుకోవచ్చు, పని త్వరగా జరగాలంటే ఒడియా నకలు కూడా జతచేయండి. అసలు మలుపు, బడి, ఇరుకు వంతెన లాంటి హెచ్చరికలకు అక్షరాలే అక్కరలేదు. ఎర్ర అంచున్న ముక్కోణంలో బొమ్మ ఉంటే హెచ్చరికనీ, ఎర్ర అంచున్న గుండ్రంలో ఉంటే ఆదేశమనీ ఏ భాషవాడైనా గుర్తుపట్టాలనే వాటికి ఆ ఆకారాలు పెట్టారు. మీ కోళ్ళగూటికి తగిలించినది అలాంటి, ఏ భాషా అక్కరలేని బోర్డు.

ఆ రేకు విషయానికే వస్తున్నాను. పాత ఇనుము కొట్టు పాలుకాకూడదని తెచ్చామన్నది నమ్మదగిన మాటే. తెచ్చిన మర్నాడు పొద్దున్నే ఠాణాలో అప్పగించి ఉంటే మెచ్చుకొనేవారు కూడా. కానీ బందులు వేసి తలుపుగా బిగించిన రేకు భద్రపరచిన వస్తువులా కనబడదు, వాడుకున్న వస్తువులా కనబడుతుంది. ఇతరుల అధీనంలోని వస్తువును వారి సమ్మతి లేకుండా సొంతానికి పట్టుకుపోవడం భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను కింద దొంగతనమవుతుంది, దానికి మూడేళ్ళ దాకా జైలు. ఆ వస్తువు విలువ 5000 రూపాయలకు లోపలై, మనిషికి అదే మొదటి నేరమై, వస్తువును తిరిగి ఇచ్చేస్తే సమాజసేవ శిక్షగా వేయాలని కూడా ఆ సెక్షనులోనే ఉంది. మీ సంగతి అంతదాకా వెళుతుందని నేను అనుకోవడం లేదు. వెళ్ళకుండా ఉండాలంటే ఆ రేకు ఎవరో వచ్చి అడిగాక కాక, మీరే తీసుకువెళ్ళి ఇచ్చినదై ఉండాలి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: దాన్ని మళ్ళీ వంగిన స్తంభానికి మీరే బిగించే ప్రయత్నం చేయవద్దు. బోర్డు ఏ ఎత్తున, ఏ కోణంలో, మలుపుకు ఎంత ముందుగా ఉండాలో రోడ్డు శాఖకు కొలతలున్నాయి, తప్పు చోట నిలబెట్టిన బోర్డు లేని బోర్డుకంటె చెరుపు చేస్తుంది.

మీ బావగారి భయం అబ్బాయి ఉద్యోగం గురించి. కేవలం జరిమానాతో తేలిపోయే తప్పు ఒకటి, క్రిమినల్ కేసు ఒకటి, ఆ రెంటికీ చాలా దూరం ఉంది. కేసంటూ నమోదైతే సైన్యంలోనైనా పోలీసు శాఖలోనైనా చేరేటప్పుడు నింపే కాగితంలో దాన్ని చెప్పక తప్పదు. ఇలా కేసులు దాచిపెట్టి ఉద్యోగాల్లో చేరినవారి గురించి 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ప్రధానమైన మాట, అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని. చిన్నవయసు తెలివితక్కువతనం కింద వదిలేయదగిన స్వల్ప విషయాలను యజమాని మన్నించవచ్చునని కూడా ఆ తీర్పే చెప్పింది. అంటే రంగు పూసిన తప్పుకంటె దాన్ని కప్పిపుచ్చిన తప్పే అబ్బాయి దారికి ఎక్కువ అడ్డం. ఆ రంగు బృందంలో 18 ఏళ్ళు నిండనివారు ఎవరైనా ఉంటే వారి విషయం బాలల న్యాయ మండలి పరిధిలోకి వస్తుంది, వారిని పెద్దల కేసులో కలపరు.

ఇంతవరకు ఎవరికీ దెబ్బ తగలలేదని మీ ఉత్తరం తీరు వల్ల గ్రహించాను. తగిలితే లెక్క వేరు. బోర్డు లేని మలుపులో రాత్రి ఒక మోటారు సైకిలు పొలంలోకి దూసుకుపోయి మనిషి ప్రాణం పోయిందనుకోండి. అప్పుడు నిర్లక్ష్యం వల్ల మరణానికి కారకులయ్యారని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద ఐదేళ్ళ దాకా, గాయాలతో బయటపడితే 125వ సెక్షను కింద వాటి తీవ్రతను బట్టి మూడేళ్ళ దాకా శిక్ష పడే అవకాశం ఉంటుంది. బోర్డు లేకపోవడం వల్లే ఆ ప్రమాదం జరిగిందని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి, అది తేలిక కాదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 1996లో ఆగమని చెప్పే బోర్డు నేలకూలి ఉన్న కూడలిలో ట్రక్కు ఢీకొని ముగ్గురు యువకులు చనిపోయారు. బోర్డులు పీకే అలవాటున్న మరో ముగ్గురికి 1997లో 15 ఏళ్ళ జైలు పడింది, 2001లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. మీ విషయంలోనైతే బోర్డు పోయింది ఎవరి వల్లనన్న సందేహానికి కూడా చోటు లేదు, ఎందుకంటే ఆ సంగతీ, బోర్డు ఇప్పుడు ఎక్కడుందో కూడా ఊరంతటికీ తెలుసు. అందుకే ఇంకొక రాత్రి గడవకముందే చెప్పమంటున్నాను.

స్పీడు బ్రేకరు ఆలోచనను మొగ్గలోనే తుంచండి. రాళ్ళూ మట్టీ పోసిన దిబ్బకు చారలుండవు, ముందు హెచ్చరిక ఉండదు, కొలత ఉండదు. చీకట్లో మోటారు సైకిలు మీద భార్యాబిడ్డలతో వచ్చేవాడికి అది గోతికంటె ప్రమాదం. బాటకు అడ్డంకి కలిగించినందుకు న్యాయ సంహిత 285వ సెక్షను కింద 5000 రూపాయల దాకా జరిమానా ఉంది, పైన చెప్పిన 326 కూడా అక్కడికి వచ్చి కూర్చుంటుంది. మీరే ఒక హెచ్చరిక బోర్డు రాయించి పాతుదామన్నా, అధికారం లేనివారు రోడ్డు మీదో పక్కనో సూచిక నిలపరాదని 116వ సెక్షను 3వ ఉపసెక్షను అడ్డుపడుతుంది. కావలసింది అడిగి సాధించే మార్గం మీ ఊళ్ళోనే ఉంది. మీ ఊరివాళ్ళ సభ అయిన పల్లిసభలో తీర్మానం చేయించి, సర్పంచి సంతకంతో రోడ్డు శాఖకూ, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకీ పంపండి. ఈలోగా మలుపు లోపలి వైపు మీ పొలం గట్టు మీద పెరిగిన తుప్పలను కొట్టించి, ఎదురుగా వచ్చే బండి కనబడేలా చేయండి. అది మీ స్థలంలో మీరు చేసే పని, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక ఎక్కడ చెప్పాలన్న ప్రశ్న. బోర్డు ఉన్నది ఒడిశా గడ్డ మీద కాబట్టి విచారణ చేసేది ఆ ప్రాంతపు ఠాణాయే, మీరు నేరుగా అక్కడికే వెళ్ళండి. మేనల్లుడు ఆంధ్రా వాడైనంత మాత్రాన పాతపట్నం స్టేషనుకు ఇందులో పని పడదు. సరిహద్దు అవతలి స్టేషన్లో సమాచారం ఇస్తే తీసుకోరన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం ఇవ్వవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోంది. కాకపోతే అది అక్కడి నుంచి ఇక్కడికి బదిలీ అయ్యేలోగా మీకు మరికొన్ని రోజులు పోతాయి. రోడ్డు ఎవరిదో తెలుసుకోవడానికి కిలోమీటరు రాయిని చూడండి. తల పసుపుపచ్చగా ఉంటే జాతీయ రహదారి, అంటే మీ వైపున మోహన నుంచి పర్లాకిమిడి, పాతపట్నం మీదుగా నరసన్నపేట చేరే 326ఏ కావచ్చు. ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగులో ఉంటే గ్రామీణ రోడ్డు. జాతీయ రహదారైతే 1033 నంబరుకు ఫోను చేసి కూడా బోర్డు పోయిన చోటు చెప్పవచ్చు, మిగిలిన వాటికి ఆర్ అండ్ బి కార్యాలయమో పంచాయతీయో.

కాగితంలో కథ రాయవద్దు. తేదీ, వేళ, కిలోమీటరు రాయి మీది అంకె, ట్రాక్టరు నంబరు, వెనక్కి తీస్తుండగా ట్రాలీ తగిలిందన్న సంగతి, 24 గంటల నియమం తెలియక ఆలస్యమైందన్న మాట, రేకు పాత ఇనుము కొట్టు పాలుకాకూడదని ఇంటికి తెచ్చి ఇప్పుడు అప్పగిస్తున్నామన్న మాట, స్తంభం నిలబెట్టే ఖర్చు భరించడానికి సిద్ధమన్న మాట, ఇవి చాలు. రంగు పూసిన బోర్డు గురించి ఆ కాగితంలో కలపకండి. ముందు పర్లాకిమిడిలో ఒక వకీలును కలిసి, అబ్బాయి తరఫున విడిగా, శుభ్రం చేయించే ఖర్చు కట్టుకుంటానన్న అర్జీ రోడ్డు శాఖకు ఎలా ఇవ్వాలో మాట్లాడుకోండి. కిరసనాయిలుతోనో థిన్నరుతోనో మీరే తుడిస్తే రంగుతోపాటు కింది రేడియం పొర కూడా లేచిపోతుంది. రేకును గూటి నుంచి విప్పేముందు, విప్పిన తరువాత, స్తంభం దగ్గర, మూడు చోట్లా ఫోటోలు తీసుకోండి. కాగితం రెండు ప్రతులు రాసి, ఒకటి ఠాణాలో ఇచ్చి, రెండోదాని మీద ముద్రా తేదీ వేయించుకొని తెచ్చుకోండి. వెళ్ళేటప్పుడు గూటికి ఒక వెదురు తడిక అడ్డం పెట్టించడం మరిచిపోకండి, మీరు తిరిగి వచ్చేసరికి పొద్దుపోవచ్చు.